కరిచే కొళాయి దగ్గర పీట

మీలో ఎంతమందికి ఫ్యూజు కట్టడం వచ్చో నాకు తెలియదు. ఇప్పటి ఇళ్ళలో కరెంటు పోతే మీట పైకి తోస్తారు, వచ్చేస్తుంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా చేత్తో తీగ చుట్టి పన్నెండు కాపురాలకు దీపాలు వెలిగించినదాన్ని. గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పని నాకు బాగా వచ్చని అనుకున్నన్నాళ్ళూ నేనేం చేశానో, పని నిజంగా వచ్చిన మనిషి ఒకడు వచ్చి ఏం చేశాడో చెబుదామని.

చింతాద్రిపేటలో, కూవం ఏటికి దగ్గరగా, పన్నెండు వాటాల పాత మిద్దె ఇంటికి నేను కాపలామనిషిని. సొంతదారు వేరే పేటలో ఉండేవారు. అద్దెలు వసూలు చేసేది, నీళ్ళ వంతులు చెప్పేది, తెల్లవారకముందే లేచి మోటారు వేసేది, వాకిలి గేటుకు తాళం వేసేది నేనే. మెట్ల కింద గది నాది. మెట్ల పక్కన గోడకు పెద్ద టేకు పలక, దాని మీద రెండు వరసలుగా, వాటాకొకటి, మోటారుకొకటి, పదమూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు, పైన పిడి ఉన్న ఇనప మెయిన్ స్విచ్చి. అదే ఆ ఇంటి కరెంటు బోర్డు.

మూడో తరగతితో బడి మానేశాను. బోర్డు మీద ఎవరో ఎప్పుడో ఇంగ్లీషులో రాసిన అక్షరాలు నాకు గోడ మీద చెదలు పట్టిన గీతల్లాగే ఉండేవి. మా పుట్టింటిది మగ్గం పని. రంగునూలు ముక్కలు ఒక డబ్బాలో దాచుకునేదాన్ని. వాటిని ఒక్కో ఫ్యూజుకు ఒక్కో రంగు కట్టాను. ఎరుపు కింది వాటా టైలరుది, పసుపు మేడ మీద ముందు గదులది, నీలం మోటారుది, ఇలా. చీకట్లో పోయినా టార్చి వెలుగులో రంగు చూసి ఫ్యూజు లాగేదాన్ని.

నా నియమాలు కొన్ని ఉండేవి. ఒకే వాటాలో మిక్సీ, ఇస్త్రీ పెట్టె కలిపి వేయకూడదు. గ్రైండర్లు వంతుల ప్రకారం తిరగాలి. పగటి పూట లైటు వెలిగిందంటే నేను ఊరుకునేదాన్ని కాదు, ఎవరి వాటా అయినా సరే తలుపు కొట్టి ఆర్పించేదాన్ని. సూర్యుడు ఉచితంగా ఇస్తుంటే బల్బు దేనికి?

ఇంకొక నియమం. నడవ చివర అందరికీ ఉమ్మడి కొళాయి ఉండేది. దాని ముందు వేపచెక్క పీట వేసి ఉంచాను. ఎవరైనా ఆ పీట మీద నిలబడే కొళాయి తిప్పాలి. కొత్త కాపురానికి తాళంచెవి ఇచ్చేటప్పుడే చెప్పేదాన్ని, ఆ కొళాయి అప్పుడప్పుడు జివ్వుమంటుంది, పీట దిగవద్దని. పిల్లలు దానికి కరిచే కొళాయి అని పేరు పెట్టారు. పీట వేయించిన నా ముందుచూపును అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకునేదాన్ని.

నేను పని మానేయడానికి ముందు ఏడాది, టైలరు ఫ్యూజు కాలి పింగాణీ రెండుగా పగిలింది. ఆ ముక్కలు చీర కొంగులో మూటగట్టుకొని కరెంటు సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాను. కడపటి అంగడాయన దాన్ని చేతిలో తిప్పి చూసి నవ్వాడు.

"దీన్ని నా దగ్గర అడగతావేమవ్వా, మ్యూజియంలో అడుగు పో. మా నాయన కాలంలోనే అమ్మేది నిలిపేస్తిమి."

ఆ సాయంత్రమే సొంతదారుకు ఫోను చేశాను. బోర్డు మొత్తం మార్చేద్దాం, తెలిసిన మేస్త్రిని పంపిస్తానని ఆయన అన్నారు.

వచ్చినతను వ్యాసర్పాడి మనిషి. నలభై దాటి ఉంటాయి. పాత స్కూటరు మీద ఒక్కడే వచ్చాడు, భుజాన ఒకటే సంచి. వచ్చీ రాగానే బోర్డు విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. ఎదురుగా మెట్టు మీద కూర్చొని అర్ధగంట సేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఏం నాయనా, సినిమా చూస్తుండావా?" అన్నాను.

"చూడనియ్యవ్వా. ఇది నాకంటే పెద్దది. పెద్దోళ్ళ మీద చెయ్యి వేసేముందు కొంచెం చూడాల గదా."

తర్వాత లేచి నూలు ముక్కలు వేలితో తాకాడు. "ఇవి ఎవురు కట్టింది?"

"నేనే. ఎందుకు, తప్పా?"

"తప్పా! ఈ పనిలోకి వచ్చి ఇన్నేండ్లాయె, ఏ ఫ్యూజు ఏ వాటాదో సరిగ్గా చెప్పే పాత బోర్డును ఇంతవరకు చూళ్ళేదు. మూడు దినాల పని నాకు మిగిలిచ్చినావు."

నాకు లోపల సంతోషమే. మొహం మాత్రం మార్చలేదు. అంతలోనే అతను ఒక ఫ్యూజు లాగి తీగ చూశాడు. ఒంటిపేట తీగ మాటిమాటికీ కాలిపోతోందని నేను మూడు పేటలు కలిపి పేని చుట్టేదాన్ని. తీగ వృథా కాకుండా ఉంటుంది, నాకు నిద్రా చెడదు.

"అవ్వా, ఇది కాలకూడదని కట్టినావు," అన్నాడు మెల్లగా. "కాలేదానికే గదా అది ఉండేది. ఇది కాలకుంటే గోడలో తీగ కాలతాది."

ముప్పై ఏళ్ళలో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

అతని పని చూడడం మొదలుపెట్టాక నా పనులు నాకు ఆలస్యం కాసాగాయి. ఏదైనా ముట్టుకోబోయే ముందు మెయిన్ ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. టీ తాగడానికి వీధిలోకి పోయినా అది జేబులోనే. టైలరు కత్తెర పట్టుకొని వాకిట్లోకి వచ్చి దెప్పేవాడు.

"ఏం మేస్త్రీ, మా ఇంటి కరెంటంతా జోబులో వేసుకొని ఊరేగతా ఉండావే!"

"ఆమా అన్నా. గోడకుంటే ఎవురో ఒకరు పెట్టేస్తారు. నా జోబులో ఉంటే నేను సాయంత్రం ఇంటికి పోతా."

కరెంటు తీసేశాక కూడా ప్రతి తీగనూ టెస్టరుతో చూసేవాడు, ఆ తర్వాత, పొరపాటున కరెంటున్నా చేయి తీగను పట్టేయకుండా, వేళ్ళ వెనక వైపుతో తాకేవాడు. తిరిగి వేసేటప్పుడు మూడుసార్లు గట్టిగా "కరెంటు వస్తా ఉండాది" అని కేక వేసి, మేడ మీదనుంచి ఎవరో ఒకరు సరే అనేవరకు ఆగేవాడు. చెత్త ఊడ్చేది కూడా తనే. తెగిన తీగలో నుంచి పనికొచ్చే రాగి ముక్కలు వేరుచేసి నా ముందు పెట్టేవాడు. పిసినారినని పేరుపడ్డ నాకే అతని ముందు సిగ్గనిపించింది.

నాలుగో రోజుకు కొత్త బోర్డు తయారైంది. తలుపు ఉన్న ఇనప పెట్టె, లోపల పదమూడు చిన్న మీటలు, వాటికి ముందు ఒక పెద్ద మీట. చిన్న మీటల మీద కాగితం చీటీలు అంటిస్తాడనుకున్నాను. అతను నా నూలు ముక్కలను పాత బోర్డు నుంచి విప్పి, అవే రంగులు అవే వాటాలకు కట్టాడు.

"ఇంగ్లీషులో రాస్తే నీకేం పనికొస్తాది? నీ పద్ధతే ఉండనీ."

పెద్ద మీట గురించి నన్ను నిలబెట్టి చెప్పాడు. పోయిన కరెంటంతా తన తీగలోనే తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుందట. కొంచెమైనా దారితప్పి గోడలోకో మనిషి ఒంట్లోకో పోతే రెప్పపాటులో మొత్తం ఆపేస్తుందట. అది లేకుండా తాను ఏ ఇంటి పనీ ఒప్పుకోనన్నాడు. నేను తల ఊపాను. అర్థమైందనే అనుకున్నాను.

మరుసటి రోజు తెల్లవారకముందే మోటారు వేయబోయాను. టప్ మని ఇల్లంతా చీకటి. పెద్ద మీట పడిపోయి ఉంది. పైకి తోశాను, మళ్ళీ పడింది. ఇదెక్కడి గొడవరా అని స్విచ్చులన్నీ ఆర్పి కూర్చున్నాను. తెల్లగా వెలుగు వచ్చాక మీట తోసి మోటారు వేస్తే ఏమీ ఎరగనట్టు తిరిగింది.

అతనికి ఫోను చేశాను. వచ్చి మోటారు విప్పి చూశాడు, తీగ మార్చాడు, పది సార్లు వేసి ఆర్పాడు. ఒక్కసారీ పడలేదు. మరుసటి తెల్లవారుజామున మళ్ళీ టప్. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. చీకట్లో పడడం, వెలుతురు వచ్చాక బుద్ధిగా నిలబడడం. మంచు పడి చెమ్మ పట్టిందని ఒకరు, కొత్త మీటే నాసిరకమని ఒకరు. టైలరుకు పెళ్ళి జాకెట్ల పని. కుట్టు మిషను తెల్లవారకముందే తిరగాలి.

"పాత బోర్డు ఇన్నేండ్లు నోరెత్తకుండా పనిచేసె," అని నడవలో నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు. "ఈ మేస్త్రి వచ్చి దానికి రోషం నేర్పించినాడు."

ఆ రోజు పొద్దున్నే సొంతదారు ఫోను చేశారు. ఇక చాలు, ఆ పెద్ద మీట తీసేసి నేరుగా కలిపించమన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. మేస్త్రి రాగానే చెప్పాను.

"దాన్ని తీసేసి కలిపేయి నాయనా. మిగతాదంతా బాగుంది."

"తియ్యనవ్వా."

"సొంతదారు మాట."

"సొంతదారుతో నేనే చెప్తా. అది పడతా ఉండాదంటే ఈ ఇంట్లో ఏడనో కరెంటు దారి తప్పతా ఉండాది. అది అబద్ధం చెప్పదు. ఏడనో నాకే కనబళ్ళేదు, అది నా చేతగానితనం. కావాలంటే వేరేవాణ్ణి పిలుచుకో. నా చేత్తో మాత్రం తియ్యను."

నిజానికి అతను ఒప్పుకోడేమోనని నేను అప్పటికే వేరేవాణ్ణి పిలిచాను. సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. ఆ మాటే చెప్పాను. అతనికి కోపం రాలేదు. చేతి గడియారం చూసుకొని, "అయితే నాలుగు దాకా టైముండాది," అన్నాడు.

మేడ మీద వెనక వాటాలో ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన ఒక నర్సమ్మ ఉండేది. ఏడింటికల్లా డ్యూటీ, అందుకని తెల్లవారుజామునే కిందికి వచ్చి, పీట మీద తొట్టి పెట్టి పది నెలల కొడుక్కి స్నానం చేయించేది. వాడు అప్పుడప్పుడే ఏది దొరికితే అది పట్టుకొని లేచి నిలబడుతున్నాడు. ఆ రోజు ఆమెకు సెలవు. పిల్లవాణ్ణి ఎత్తుకొని మా మాటలు వింటూ నిలబడింది.

"మామ్మగారూ, పాపం ఆయన్ని ఇంకొక్కసారి చూడనివ్వండి. ఆసుపత్రిలో కూడా మిషను కూతపెడితే ముందు పేషెంటునే చూస్తాం గాని మిషను తీసెయ్యం కదండీ," అంది.

మేస్త్రి నన్ను మోటారు స్విచ్చి దగ్గరికి తీసుకుపోయాడు.

"అవ్వా, నేనెప్పుడూ నా చేత్తో వేసి చూస్తా ఉండా. నువ్వు వేస్తేనే పడతా ఉండాది. ఇప్పుడు కండ్లు మూసుకో. తెల్లారలేదు, ఇప్పుడే లేచినావు అనుకో. దినమూ ఏం చేస్తావో అట్నే చెయ్యి. ఆలోచించొద్దు."

పన్నెండు గంటల ఎండలో కళ్ళు మూసుకొని నిలబడ్డాను. టైలరు పక్కున నవ్వడం వినబడింది. కుడి చేయి మోటారు స్విచ్చి మీదికి పోయింది. ఎడమ చేయి తనంతట తానే పక్కనున్న నడవ లైటు స్విచ్చి మీదికి పోయింది. రెండూ ఒకేసారి నొక్కాను.

టప్.

కళ్ళు తెరిచేసరికి మేస్త్రి నా ఎడమ చేతినే చూస్తున్నాడు. "ఆ లైటు!" అన్నాడు. "పగలు ఒక్కసారి కూడా నేను దాన్ని వెయ్యలేదే!"

ఎలా వేస్తాడు? పగలు లైటు వేస్తే నేను వెంటపడతానని మొదటి రోజే చెప్పి పెట్టాను. రాత్రిళ్ళు వాటాల తలుపుల్లోంచి వచ్చే వెలుగే నడవకు చాలని, ఆ లైటు తెల్లవారుజామున మాత్రమే వేసేదాన్ని. తెల్లవారగానే ఆర్పేసేదాన్ని, ఆర్పాక మీట నిలబడేది. నా పొదుపే ఆ తప్పును అన్నాళ్ళూ దాచిపెట్టింది.

మెయిన్ ఆపి మళ్ళీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఆ నలభై వాట్ల బల్బుకు పోయే తీగ మోటారు తీగలో నుంచి సున్నం కింద ఎక్కడో చీల్చి తీసి ఉంది. దాని తిరుగు తీగ మాత్రం బోర్డుకు రావడం లేదు. గోడ వెంట సున్నం గీకుతూ పోయాడు. అది కొళాయి గొట్టం దగ్గరికి పోయి ఆగింది. గొట్టానికి ఒక ఇత్తడి పట్టీ బిగించి తీగ దానికి చుట్టి ఉంది. సున్నం పూర్తిగా గీకి పట్టీని బొటనవేలితో తుడిచాడు. దాని మీద చుక్కలతో చెక్కిన రెండక్షరాలు బయటపడ్డాయి.

మా అమ్మ నా పేరు చెక్కించి నా పెళ్ళికి ఇచ్చిన చెంబు అది. అడుగు పోయాక మూతి రేకు కత్తిరించి దాచుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఆ లైటు తిరుగు తీగ గోడలో తెగిపోతే, అప్పటి ముసలి వైర్‌మన్ గోడ పగలగొట్టాలన్నాడు. గోడ వద్దు, వేరే దారి చూడమన్నాను. ఇనప గొట్టం నేలలోకి పోతోంది కదా, దానికి తగిలిస్తే వెలుగుతుందన్నాడు. పట్టీ లేదంటే ఈ రేకు నేనే తెచ్చి ఇచ్చాను. వెలిగింది. కొన్నేళ్ళకు వీధి వైపు గొట్టం పాడైపోయి ప్లాస్టిక్‌ది వేశారు. కరెంటుకు నేలలోకి దారి సరిగ్గా లేక, అప్పటినుంచి కొళాయి జివ్వుమనసాగింది, బల్బు మసకబారింది, వానాకాలంలో మాత్రం కాస్త బాగా వెలిగేది. మసకగా ఉంటే కరెంటు తక్కువ తింటుందని నేను సంతోషించాను.

మేస్త్రి నా పేరు ఎరుగును, సొంతదారు చీటీ మీద రాసి ఇచ్చారు. అక్షరాలు చదివాడు. నా వైపు చూశాడు. బొటనవేలు దాని మీదే పెట్టి, చుట్టూ నిలబడ్డవాళ్ళకు చెప్పాడు.

"ఎప్పటిదో పాత పని. ఎవురు చేసినారో ఏమో." ఆ తర్వాత ఉన్నట్టుండి గొంతు మారింది. "ఈ కొళాయి ఎవురికైనా షాక్ కొట్టిందా?"

టైలరు నవ్వాడు. "కొట్టకేమి! దానికే గదా అవ్వ పీట వేసింది."

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఉన్నచోటే గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళుగా?"

"మా పెద్దోడు పుట్టకముందు నుంచి. వాడిప్పుడు కాలేజీ," అన్నాడు టైలరే.

"నాకెందుకు చెప్పలేదు?"

చెప్పాలని మాకు తోచలేదు. బోర్డు సంగతి అతనిది, కొళాయి సంగతి పీటది. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని ఆ ఇంట్లో ఒక్కరమూ అనుకోలేదు. నర్సమ్మ పిల్లవాణ్ణి భుజానికి హత్తుకొని రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె మొహం చూశాకే నాకు తట్టింది. పీట అంచు దాటి ఆ పసివాడు ఒక తడికాలు నేల మీద పెట్టి, కొళాయి పట్టుకొని లేచి ఉంటే? పీట వేశానని మెచ్చుకోళ్ళు అందుకున్నది నేను. కొళాయికి కోరలు పెట్టిందీ నేనే.

అప్పుడే ఫోను మోగింది. సొంతదారు. "ఏమమ్మా, తీసేసినారా దాన్ని?"

మేస్త్రి చేత్తో సైగ చేశాడు, పాత పని అని చెప్పు, చాలు అని. ఆ సైగను నేను మరచిపోలేను. నాలుగు రోజులు అందరి చేతా మాటలు పడ్డవాడు, నన్ను కాపాడటానికి చూస్తున్నాడు.

"తీయించలేదయ్యా," అన్నాను, అందరూ వినేలా. "అది ఉండబట్టే తెలిసింది. లైటు తీగను కొళాయి గొట్టానికి కట్టించింది నేను. నా చెంబు రేకుతోనే కట్టించినాను. తప్పు మేస్త్రిది కాదు, మీటది కాదు. నాది. సాయంత్రం వచ్చేవాణ్ణి రావద్దని చెప్తాను."

"అయితే మేస్త్రినే కానీయమను," అన్నారు ఆయన.

టైలరు లోపలికి పోయి రెండు గ్లాసుల టీ తెచ్చాడు. ఒకటి మేస్త్రికి ఇచ్చి, "పెద్ద మనసు పెట్టుకో అన్నా, పని తొందరలో నోరు జారితిని," అన్నాడు. మేస్త్రి గ్లాసు అందుకొని, "జాకెట్లు సరిగ్గా కుట్టు, అది చాలు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే లైటుకు గోడ మీదుగా కొత్త తీగలు రెండూ లాగాడు. గొట్టం మీద పట్టీ విప్పి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇత్తడి. నువ్వు పారెయ్యవులే." ఆ తర్వాత పీట పక్కకు తీసి, నేల మీద చెంబుడు నీళ్ళు పోసి, చెప్పులు విడవబోయాడు, కొళాయి తానే పట్టుకొని చూడాలని.

"ఆగు నాయనా," అన్నాను. "కట్టించింది నేను. నేను పట్టుకుంటా."

వద్దన్నాడు. నేను ఊరుకోలేదు. సరేనని లైటు వేసి, కొళాయికి టెస్టరు పెట్టి చూశాడు, వేళ్ళ వెనక వైపుతో తాకి చూశాడు, అప్పుడు పక్కకు జరిగాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ నేల మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాను. చేయి తడిపి కొళాయిని గట్టిగా పట్టుకున్నాను. చల్లగా ఉంది. అంతే. వేరే ఏమీ లేదు.

మీరు చదువుకున్నవాళ్ళు, మీటలు మార్చేవాళ్ళు, మిషన్లు తెలిసినవాళ్ళు. మీకు నేను నేర్పేదేమీ లేదు. ఏ ఇంట్లోకైనా పనికి పోతే, ఇక్కడ వేసిన పీట దేనికని మాత్రం అడగండి. అడగకపోతే ఆ ఇంటివాళ్ళు చెప్పరు. చెప్పాల్సిన సంగతని వాళ్ళకు తెలియదు. మేస్త్రి కూడా తర్వాత నాతో అన్నాడు, మొదటి రోజు అర్ధగంట బోర్డునే చూసినాను, తలతిప్పి నడవ చూసుంటే సరిపోయేదని. ఇప్పుడు అతను ఏ ఇంటికి పోయినా ముందు కొళాయి దగ్గరికే పోతాడట.

మరుసటి తెల్లవారుజామున మోటారు, లైటు కలిపి వేశాను. పెద్ద మీట కదలలేదు. బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగింది. నర్సమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చి, పీట కోసం అలవాటుగా చూసి, లేదని గుర్తొచ్చి, వాణ్ణి నేల మీదనే దించింది. వాడు రెండు చేతులా కొళాయి పట్టుకొని లేచి నిలబడి, నా వైపు తిరిగి, ఉన్న రెండు పళ్ళూ చూపించాడు.

తెల్లవారింది. ఎండ నడవలోకి వచ్చింది. వాడి స్నానం అయ్యేవరకు నేను ఆ లైటు ఆర్పలేదు.